నలభై పాయింట్లు తక్కువైన సంపూర్ణ

మా ఇంటికి న్యాయం ఆదివారం మధ్యాహ్నం మూడున్నరకి వచ్చింది. చర్చి అయింది, భోజనాలయ్యాయి, మా అత్తయ్య సువార్తమ్మ గారు పునుగుల పిండి కలుపుతున్నారు. అంతకుముందు మూడేళ్లలో ఒక్క ఆదివారం కూడా దానికి మా ఇంటి దారి తెలియలేదు. ఆ రోజు మాత్రం తేజేశ్వర్ గారి ఫోన్‌లో కూర్చుని, నలభై నిమిషాల వీడియోగా, తిన్నగా మా హాల్లోకే వచ్చేసింది.

"ఫిన్నీ, మన ఆటలో బ్యాలెన్స్ లేదయ్యా," అన్నారు తేజేశ్వర్ గారు చెప్పులు విప్పుతూనే.

ఆట సంగతి చెప్పాలి. ఫిన్నీ మా మరిది. ఇక్కడే, విజయవాడలో ఓ కోచింగ్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతాడు. ఆరు రోజులు పిల్లల్ని ర్యాంకులుగా మారుస్తాడు, ఏడో రోజు మా చేత ఆట ఆడిస్తాడు. ఈ ఆటకి బోర్డు లేదు, గెలుపు లేదు. మనమొక పాత్రని తయారుచేసుకుంటాం. "ఎదురుగా తలుపుంది, వెనకాల ఏదో గుర్రుమంటోంది, ఏం చేస్తారు?" అని ఫిన్నీ అడుగుతాడు. మనం చెబుతాం. అయిందో లేదో పాచికలు చెబుతాయి. వాడికెక్కడో పాత పుస్తకాల బండి మీద దొరికిన, నలభై ఏళ్ల కిందటి రూల్సు పుస్తకం ఉంది. పుస్తకమంటే పుస్తకం కాదు, జిరాక్సు తీసి స్పైరల్ బైండింగ్ చేయించిన కట్ట.

ఆడేది ముగ్గురం. తేజేశ్వర్ గారిది పెడనలో నేతపని చేసిన కుటుంబం, ఇక్కడ చీరల షాపు. ఎదురు షాపులోకి వెళ్లబోయే కస్టమర్ని కూడా వెనక్కి తిప్పగల గొంతు ఆయనది. ఆయన పాత్ర రణధీరుడు, కత్తి వీరుడు. మా ఆయన యేసుకుమార్ ఆర్టీసీ రిజర్వేషన్ కౌంటర్లో పనిచేస్తారు. రోజంతా జనం మొహం మీద అరుస్తారు గనక, ఆటలో ఎవరికీ కనపడని దొంగ పాత్ర తీసుకున్నారు, పేరు నీడ. ఇక నేను, హెలెన్, స్టాఫ్ నర్సుని. నా పాత్రకి హనుమాన్ జంక్షన్‌లో మా అమ్మమ్మ పేరు పెట్టుకున్నాను, సంపూర్ణ.

సంపూర్ణ మంత్రగత్తె. ఆ మాట మొదటి రోజే ఫిన్నీ నోట్లోంచి వచ్చింది, వంటింట్లో గరిటె కింద పడింది. "ఏంట్రా ఆ మాట? ప్రార్థన జరిగే ఇల్లురా ఇది!" అంటూ అత్తయ్య వచ్చేశారు. ఫిన్నీ వెంటనే, "మంత్రం కాదమ్మా, ఫార్ములా," అన్నాడు. "ఫార్ములా అయితే సరే, బుద్ధిగా చదువుకోండి," అని ఆవిడ లోపలికెళ్లిపోయారు. అప్పట్నుంచీ మా ఆటలో మంత్రాల్లేవు, ఫార్ములాలే. ఆ మాట భలే అతికింది కూడా. పొద్దున్నే బట్టీ పట్టాలి, ఒకసారి వాడగానే బుర్రలోంచి తుడిచిపెట్టుకుపోతుంది, మర్నాడు మళ్లీ బట్టీ పట్టాలి. ఫిన్నీ స్టూడెంట్లు చేసేదీ అదే.

ఆ పాత రూల్సులో మొహమాటాల్లేవు. మూడు పాచికలు ఆరుసార్లు వేయాలి, పడ్డవి పడ్డట్టు రాసుకోవాలి. తేజేశ్వర్ గారికి బలం పదిహేడు పడింది. నాకు బలం ఆరు, తెలివి పదిహేడు. ప్రాణానికి రెండు పాయింట్లు. రెండంటే, గుమ్మం తగిలి బోర్లా పడినా శవపేటిక చెప్పుకోవాల్సిందే. రోజుకి ఒకే ఒక్క ఫార్ములా, ఎదుటివాళ్లని నిద్రపుచ్చేది. అది అయిపోయాక నా పని దీపం పట్టుకోవడం.

మొదటి ఏడాదంతా దీపం పట్టుకున్నాను. రెండో ఏడాది ఇంకో రెండు ఫార్ములాలొచ్చాయి, దీపం మాత్రం చేతిలోంచి పోలేదు. "సిస్టర్, దీపం కొంచెం పైకెత్తండి," అనేవారు తేజేశ్వర్ గారు. ఆస్పత్రిలో పేషెంట్లు పిలిచినట్టే పిలుస్తారు, పనీ అలాగే చెబుతారు. నేనెప్పుడైనా సణిగితే ముగ్గురూ కలిసి నన్ను ఓదార్చేవారు. "ఓపిక పట్టాలి వదినా. ఈ ఆట అంతే. మొదట్లో కత్తి వీరుడిది పైచేయి, తర్వాత్తర్వాత మీదే రాజ్యం." ఐదో లెవెల్ రావాలట. ఐదో లెవెల్లో అగ్నిగోళం ఫార్ములా చదవడం వస్తుంది. మొదటి ఏడాదే ఒక చచ్చినవాడి పెట్టెలో అది దొరికితే సంపూర్ణ పుస్తకంలోకి ఎక్కించుకున్నాను. చదవడం రాదు. రెండున్నరేళ్లు దాన్ని చంకలో పెట్టుకుని తిరిగాను.

ఐదో లెవెల్‌కి ఇరవై వేల పాయింట్లు కావాలి. న్యాయం మా ఇంటికొచ్చిన రోజున నాకు పంతొమ్మిది వేల తొమ్మిది వందల అరవై ఉన్నాయి. నలభై తక్కువ. కిందటి వారం ఆట ఆపిన చోట, గుహలో, మా ఎదురుగా ఇరవై బల్లిమనుషులు నిలబడి ఉన్నారు. చంపితే ఒక్కో బల్లికి ఇరవై పాయింట్లు, అందులో రెండు బల్లులు చాలు నాకు.

"పాత ఆటలన్నిట్లో ఇదే జబ్బంట," తేజేశ్వర్ గారు వీడియో ఆపి వివరించారు. "రాన్రానూ ఫార్ములా వేసేవాళ్లు ఆకాశమంత అయిపోతారు, కత్తివాడు కత్తి ఊపుకుంటూ ఉండిపోతాడు. అన్యాయం కదా సిస్టర్? అందుకని అగ్నిగోళాన్ని తొమ్మిదో లెవెల్‌కి జరుపుదాం."

నాకు ఒళ్లు మండిపోయింది. "మూడేళ్లు నేను దీపం పట్టుకున్నప్పుడు ఈ బ్యాలెన్స్ ఏ ఊరెళ్లిందండీ?"

"అప్పుడు మీరు వీకు కదా సిస్టర్. ఎవరికీ ఇబ్బంది లేదు."

ఎంత చక్కగా చెప్పారో! ఇది ఆయన ఎగతాళికి అనలేదు. నిజంగానే, నాకు అర్థం కాలేదేమోనన్న జాలితో అన్నారు.

"పుస్తకంలో ఏముందో చూద్దాం ఆగండి," అన్నాడు ఫిన్నీ. చూద్దామన్నాడే గానీ చూసే తీరిక ఎవరికీ లేదు. తేజేశ్వర్ గారు వాదిస్తున్నారు, ఫిన్నీ న్యూటన్ దగ్గర్నుంచి మొదలెట్టి జవాబు చెబుతున్నాడు, మా ఆయన ఇద్దరికీ తలూపుతున్నారు. ఆ కట్ట నా ఒళ్లో పడింది. నేను మందుల చీటీలు చదివి బతికేదాన్ని. మసకగా ఉన్న అక్షరం కనపడితే వదలను. ఇరవై రెండో పేజీ జిరాక్సులో సగం నల్లబడిపోయింది. కిటికీ దగ్గరికి తీసుకెళ్లి చదివాను. మళ్లీ చదివాను. మూడోసారి పైకి చదివాను.

"ఫిన్నీ, ఇది విను. ఒక సాహసం పూర్తయ్యాక వచ్చిన పాయింట్లన్నీ, బతికి ఉన్నవాళ్లందరికీ సమానంగా పంచాలంట."

"అలా ఉండదే," అన్నాడు.

"ఉంది. నువ్వే చూడు."

చూశాడు. వాడి మొహంలో రంగు మారింది. "ఈ పేజీ నేను చదవలేదు వదినా," అన్నాడు మెల్లగా. "పాయింట్లు ఎలా వేయాలో తెలిసిందే కదా అని."

తెలిసిందే మరి! ఈ ఊళ్లో పుట్టి, ఈ ఊళ్లో చదివి, ఈ ఊళ్లోనే ర్యాంకులు తయారుచేసేవాడికి, పాయింట్లు అనగానే ఎవడివి వాడికేనని తెలియదా? సమానంగా పంచుతారన్న ఊహ కలలోకైనా వస్తుందా? అందుకని చంపినవాడికే మార్కులు వేశాడు. నేను పది తోడేళ్లని నిద్రపుచ్చితే, రణధీరుడు తీరిగ్గా వెళ్లి నిద్రపోతున్న పది పీకలూ కోస్తే, మార్కులన్నీ రణధీరుడివి. నాకు 'సహకారం' అని ఐదు పాయింట్లు. ఆట అవగానే ర్యాంకుల షీటు తీసి ఫ్రిజ్‌కి అతికించేవాడు. మూడేళ్లు నాది మూడో ర్యాంకు, ముగ్గురిలో. పాలు తీసుకోవడానికి ఫ్రిజ్ తెరిచిన ప్రతిసారీ చూసుకునేదాన్ని.

"లెక్క తీయి," అన్నాను.

ఫిన్నీ దగ్గర అన్ని ఆదివారాల నోటుబుక్కులూ ఉన్నాయి, మార్కులు పారేసుకునే రకం కాదు వాడు. క్యాలిక్యులేటర్ తెచ్చి అరగంట కొట్టాడు. ముగ్గురివీ కలిపి లక్షా ఎనిమిది వేల నాలుగు వందల అరవై. మూడో వంతు ముప్ఫై ఆరు వేల నూట యాభై మూడు.

"అంటే నాకు ఐదో లెవెల్ ఎప్పుడొచ్చి ఉండాలి?"

వాడు పేజీలు వెనక్కి తిప్పాడు. "పోయినేడాది జూన్. రెండో ఆదివారం."

పోయినేడాది జూన్ రెండో ఆదివారం నాకు గుర్తుంది. డ్యూటీ దిగి నేరుగా వచ్చి కూర్చున్నాను, యూనిఫామ్ కూడా మార్చుకోలేదు. సంపూర్ణని తోడేలు కరిచింది, ఒక్క ప్రాణం పాయింటుతో నేల మీద పడి ఉంది. మోసుకెళ్తే నడక ఆలస్యమవుతుందా, వదిలేసి వెళ్లడమా అని రణధీరుడూ నీడా పావుగంట చర్చించుకున్నారు. సంపూర్ణ చేతిలో ఆ రోజు నిప్పు ఉండాల్సింది. పదహారు నెలలు. నవ్వుతారేమో, నాకు నిజంగా ఏడుపొచ్చింది.

"మరి నా రణధీరుడు?" అన్నారు తేజేశ్వర్ గారు.

"ఏడో లెవెల్ నుంచి ఆరుకి దిగుతారు," అన్నాడు ఫిన్నీ. "అన్నయ్యకి మార్పు లేదు. ఆరు ఆరే."

"దిగడమా!" ఆయన కుర్చీలోంచి లేచేశారు. "కష్టపడి సంపాదించుకున్న లెవెలయ్యా! పాతవన్నీ ఇప్పుడు తవ్వడం దేనికి? జరిగిందేదో జరిగిపోయింది. ఓ పని చేద్దాం. ఈ ఆట ఆపేసి కొత్తది మొదలెడదాం. ఇప్పుడొచ్చే పుస్తకాల్లో అందరూ మొదటి రోజు నుంచీ సమానం. నేను ఆల్రెడీ డౌన్‌లోడ్ చేశాను."

ఒక్క లెవెల్. ఒక్కటంటే ఒక్క లెవెల్ తగ్గుతుందని ఆయనకి సమానత్వం మీద అంత ప్రేమ పుట్టుకొచ్చింది!

"మరి నా మూడేళ్లండీ?"

"కొత్త ఆటలో మీకూ మొదటి రోజే నిప్పు ఉంటుంది సిస్టర్. చిన్నది."

ఓటు పెడదామన్నారు. ఫిన్నీ తను న్యూట్రల్ అన్నాడు. తప్పు ఒప్పుకోవాల్సి వచ్చినప్పుడల్లా లెక్చరర్లు న్యూట్రలే. తేజేశ్వర్ గారు కొత్త ఆటకి చెయ్యెత్తారు. నేను ఎత్తలేదు. ఇక మిగిలింది మా ఆయన. ఎటు వేసినా ఆయన లెవెల్ మారదు. పోయేది లేదు, వచ్చేది లేదు. ఆయన నావైపు చూశారు, తేజేశ్వర్ గారి వైపు చూశారు, సీలింగ్ ఫ్యాన్ వైపు కూడా చూశారు.

"పోనీలే హెలెన్. ఆటే కదా," అని చెయ్యెత్తారు.

తేజేశ్వర్ గారన్న మాటలన్నీ ఒకెత్తు, ఇది ఒకెత్తు. ఆయన పరాయివాడు, ఆయన లెవెల్ కోసం ఆయన అరిచారు. ఈయనకి ఏం పోయిందని? కళ్లు తుడుచుకుని పాచికలు ముందుకి జరుపుకున్నాను.

"సరే. అయితే ఈ ఆట సగంలో వదలొద్దు. ఎదురుగా ఇరవై బల్లిమనుషులున్నారు. ఇవాళ పూర్తి చేసి ముగిద్దాం."

ముగ్గురూ హమ్మయ్య అనుకున్నారు. తేజేశ్వర్ గారైతే నన్ను మెచ్చుకున్నారు కూడా. "అదీ స్పోర్టివ్‌నెస్ అంటే! సిస్టర్, మీరు నిద్రపుచ్చండి, నేను కోసుకుంటూ పోతాను."

"సంపూర్ణ కనపడకుండా పోయే ఫార్ములా వేసుకుంది," అన్నాను.

"ఎందుకు వదినా?" అన్నాడు ఫిన్నీ.

"దీపం కింద పెట్టి ఇంటికెళ్లిపోతోంది."

ఫిన్నీ ఆటలో ఊళ్లన్నీ మనవే. గుహ గుణదల కొండలో ఉంటుంది, రాక్షసుల మడుగు కొల్లేరు. సంపూర్ణ ఇల్లు నా కోరిక మీద హనుమాన్ జంక్షన్‌లో పెట్టాడు, నా పుట్టిల్లు అక్కడే గనక.

"జంక్షన్‌కా?" అన్నాడు ఫిన్నీ నమ్మలేనట్టు. "వదినా, ఇప్పుడు మీరు పుట్టింటికి వెళ్లిపోతున్నారా?"

వాడికి గొంతు తగ్గించడం రాదు, క్లాసులో అలవాటు. వంటింట్లో స్టవ్ ఆగింది. పునుగుల పిండి చేత్తోనే అత్తయ్య పరుగెత్తుకొచ్చారు.

"ఏంట్రా? కోడలు పుట్టింటికెళ్లిపోవడమేంట్రా? ఏమన్నార్రా పిల్లని?"

"ఆటలోనమ్మా," అన్నారు మా ఆయన.

అత్తయ్య నా మొహం చూశారు. ఏడ్చిన మొహం ఆటలోదో కాదో ఆడవాళ్లకి తెలుస్తుంది. "ఏం జరిగిందో నువ్వు చెప్పు హెలెనమ్మా."

"మూడేళ్లుగా అందరికీ సమానంగా రావాల్సింది, తేజేశ్వర్ గారికి ఎక్కువ, నాకు తక్కువ వేశారత్తయ్యా. ఇవాళ బయటపడింది. బయటపడ్డాక, పాతది వదిలేయమంటున్నారు. మీ అబ్బాయి కూడా వదిలేయమన్నారు."

ఆవిడకి లెవెల్ అంటే తెలియదు, అగ్నిగోళం అంటే తెలియదు. అంత మాత్రం అర్థమవడానికి అవేం అక్కర్లేదు. కొడుకు వైపు తిరిగారు. "వెళ్లి తీసుకురా."

"అమ్మా, అది ఆట."

"ఆటే అయితే వెళ్లడానికి నీకేం నొప్పి?" అని ఆవిడ వంటింట్లోకి వెళ్లిపోయారు.

ఈలోపు గుహలో పని ఆగలేదు. కనపడనివాళ్లని బల్లిమనుషులు ఆపలేరు గనక సంపూర్ణ బయటపడింది. తేజేశ్వర్ గారు కత్తి దూశారు. ఒంటిచేత్తో ఇరవైమందినీ నరికేస్తానన్నారు. ఒకణ్ని నరికారు, రెండోవాణ్ని నరికారు. మిగతా పద్దెనిమిది మందీ చుట్టూ చేరారు. కింద పెట్టిన దీపం వాళ్ల కాళ్ల కింద పడి ఆరిపోయింది, చీకట్లో సగం దెబ్బలు గోడకి తగిలాయి. ఫిన్నీ పాచికలు వేస్తున్నాడు, తేజేశ్వర్ గారు కాగితం మీద రణధీరుడి ప్రాణం పాయింట్లు కొట్టేసుకుంటున్నారు. నలభై నాలుగు, ముప్ఫై, పదిహేడు.

"సిస్టర్! నిద్ర ఫార్ములా వేయండి! త్వరగా!"

"నేను జంక్షన్ బస్సులో ఉన్నానండీ."

పది నిమిషాల్లో రణధీరుడు చచ్చిపోయాడు. ఏడో లెవెల్‌తోనే పోయాడు, ఒక్కటి కూడా తగ్గలేదు. నీడ మాత్రం గోడ పట్టుకుని బయటికి జారుకున్నాడు. తప్పుకోవడంలో మా ఆయన అనుభవం అలాంటిది.

"నీడ ఎక్కడికెళ్తాడన్నయ్యా?" అన్నాడు ఫిన్నీ.

మా ఆయన వంటింటి వైపు ఒకసారి చూశారు. "జంక్షన్‌కి. సంపూర్ణ ఇంటికి."

"చేరేసరికి తెల్లారింది. తలుపు లోపల్నుంచి వేసుంది. తాళం తీయడానికి డైస్ వేస్తావా? నీ లెవెల్‌కి తేలిగ్గానే పడుతుంది."

మా ఆయన పాచిక చేతిలోకి తీసుకున్నారు. కాసేపు తిప్పి బల్ల మీద పెట్టేశారు. "తీయను. తలుపు తట్టి, గుమ్మంలో నిలబడతాను. నా ఓటు మార్చుకుంటున్నానని చెబుతాను."

"అదెలా కుదురుతుంది? ఓటింగ్ అయిపోయింది!" అన్నారు తేజేశ్వర్ గారు.

"మీరు చనిపోయారు తేజేశ్వర్ గారూ," అన్నాడు ఫిన్నీ. న్యూట్రల్‌గా ఉండి ఉండి వాడికీ విసుగొచ్చినట్టుంది. నోటుబుక్కులో సంపూర్ణ పేరు ఎదురుగా ఉన్న అంకె కొట్టేసి, ముప్ఫై ఆరు వేల నూట యాభై మూడు అని రాసి, పక్కన ఐదు వేశాడు. ఆ ఐదు కింద రెండు గీతలు కూడా గీశాడు. "సారీ వదినా. మొదట్లోనే చూడాల్సింది. సంపూర్ణ ఏం చేస్తుంది?"

సంపూర్ణకి తలుపు తీయాలనే ఉంది. నాకూ ఉంది. ఆయన మొహం చూస్తే జాలేసింది. కానీ అడగకుండా తీయబుద్ధి కాలేదు.

"కిటికీ తెరిచి ఒక మాట అడుగుతుంది," అన్నాను. "ఏమండీ, లెక్క ఇందాకే తేలింది కదా. నాది న్యాయమని అప్పుడూ మీకు తెలుసు. మరి ఎందుకు ఆయన వైపు చెయ్యెత్తారు?"

మా ఆయనకి అబద్ధం చెప్పడం రాదు, అదే ఆయనలో నాకు నచ్చింది. అప్పుడప్పుడూ నచ్చనిదీ అదే. తలొంచుకుని చెప్పారు.

"ఆయన అరుస్తాడు. నువ్వు అరవవు కదా హెలెన్. సర్దుకుంటావులే అని."

తేజేశ్వర్ గారు ఫోన్ జేబులో పెట్టుకున్నారు. పన్నెండేళ్ల కాపురంలో ఆయన నాకు చెప్పిన అన్నిటికన్నా పెద్ద నిజం అదే అనిపించింది. కోపం వచ్చిందో, ఊపిరి తేలికైందో నాకే తెలియలేదు.

"ఫిన్నీ, పొద్దున్నే బట్టీ పట్టిన అగ్నిగోళానికి ఎన్ని పాచికలు?"

"లెవెల్‌కి ఒకటి. ఐదు." వాడు అనుమానంగా చూశాడు. "ఎవరి మీద వదినా?"

"గుమ్మంలో ఎవరున్నారు?"

ఐదు పాచికలు రెండు చేతుల్లోకీ తీసుకుని, బల్ల అదిరేలా విసిరాను. నాలుగు, ఐదు, రెండు, ఆరు, మూడు. మొత్తం ఇరవై. నీడకి మిగిలిన ప్రాణం పద్దెనిమిది. మా ఆయన కిక్కురుమనకుండా పెన్సిల్ తీసుకుని తన పాత్ర పేరు కొట్టేసుకున్నారు.

"ఏంటే ఆ చప్పుడు?" అని వంటింట్లోంచి అడిగారు అత్తయ్య.

"ఏం లేదత్తయ్యా," అన్నాను. "అరిచాను."